అమ్మ తోటకు నా పేరే తాళం

నేను, పాత గేముల డిస్కులు అమ్మి, గీతలు పడ్డవాటిని బాగుచేసే దుకాణందారును, ఆదివారం వచ్చే ఆటగాళ్లందరికీ గీతలక్కను, వయసు యాభై రెండేళ్లు, ఈ వీలునామాను నా చేత్తోనే రాస్తున్నాను. బుర్ర సరిగానే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. గుండె మాత్రం సరిగా లేదు. గురువారం పొద్దున్నే దానికి ఆపరేషన్. డాక్టరమ్మ భయపడొద్దంది గానీ నాకు భయంగానే ఉంది. ఎక్కడైనా అక్షరం వంకర పోతే అది భయం వల్లే తప్ప మతి తప్పి కాదని చదివేవారు గమనించవలెను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా ఒక్కగానొక్క తమ్ముడిది. జనన మరణాల రికార్డుల ఆఫీసులో గుమాస్తా. కాగితం మడత కూడా తిన్నగా ఉండాలనే పద్ధతి గల మనిషి. నా భయంలో సగం ఆపరేషన్ గురించి, మిగతా సగం ఆ పద్ధతి గురించి.

2. మరమ్మతు బల్ల, డిస్కుల గీతలు పోగొట్టే పాలిష్ యంత్రం పక్క కొట్టు దర్జీకి చెందవలెను. యంత్రంతో ఆయనేం చేసుకుంటాడని ఎవరూ నవ్వొద్దు. దాని రొద వినపడకపోతే మధ్యాహ్నం కునుకు పట్టదని ఆయనే చెప్పాడు.

3. గోడ బీరువాలోని డిస్కులన్నీ ఆదివారం బృందానికి ఉమ్మడిగా చెందవలెను. అరువిచ్చుకోండి, మార్చుకోండి, మీ తదనంతరం మీ పిల్లలకిచ్చుకోండి. ఇరవై ఏళ్లుగా నేను బల్ల గుద్ది వాదించింది ఇదే కదా. డిస్కు కొంటే వస్తువు మనదవుతుంది. డిజిటల్‌గా కొంటే ఆడుకోవడానికి అనుమతి దొరుకుతుందంతే, ఇచ్చినవాడు ఎప్పుడైనా లాక్కోవచ్చు. నేను ఇది మొదలెట్టగానే తమ్ముడు, "అక్కా, నీ ఇంట్లో పెట్టెలకున్న చోటు మనుషులకు లేదే! కూర్చున్నచోటే కొనుక్కుని ఆడుకునే రోజుల్లో ఏంటీ చాదస్తం?" అనేవాడు. బృందమంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

4. ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. వేళ్లు కదలాలంటే ఏదైనా ఆట ఆడించమని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. తమ్ముడు నా చాదస్తాన్ని గౌరవించి, జీవితంలో మొదటిసారి ఒక డిస్కు కొని తెచ్చాడు. తోట పెంచే ఆట. నేను దుకాణంలో ఉండగా అమ్మ ఒంటి చేత్తో ఆ డిస్కును టీవీ కింద ఉన్న ఆటల పెట్టె, అదే కన్సోల్లో, పెట్టుకోవాలి. ఒకరోజు నేను ఇంటికెళ్లేసరికి డిస్కు నేలమీద ఉంది, దాన్ని అందుకోబోయి జారిన అమ్మ కూడా నేలమీదే ఉంది. ఎంతసేపటినుంచో తెలియదు, చెప్పడానికి మాట లేదు. మర్నాడే అదే ఆటను నా పేరున్న ఖాతాలో డిజిటల్‌గా కొన్నాను. ఒక్క బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. తమ్ముడి డిస్కును దుకాణంలో పెట్టి ఒక బస్సు డ్రైవర్‌కు అమ్మేశాను.

ఈ సంగతి తమ్ముడికి బృందం ముందు తెలిసింది. ఆర్నెల్లు నాకు ముఖం చూపించలేదు. డిస్కుల జెండా మోసినదాన్ని, తమ్ముడు ప్రేమతో ఇచ్చిన ఒక్క డిస్కునూ అమ్ముకున్నాను. క్షమించరా.

5. ఇప్పుడా ఆటలో అమ్మకు మూడు మళ్ల గులాబీలు, గుమ్మడి పాదు, బావి ఉన్నాయి. బావి పక్కన నాన్న కుర్చీ లాంటి కుర్చీ వేసింది. సాయంత్రం నేనెళ్లగానే ఆ రోజు ఏం చేసిందో తోటంతా తిప్పి చూపిస్తుంది. కోపమొస్తే మొక్కలు పీకేస్తుంది. నేను ఆలస్యంగా వెళ్తే తెర మీది అమ్మ బొమ్మ ఆ కుర్చీ దగ్గరే నిలబడి ఉంటుంది. అమ్మ నాతో మాట్లాడేది అక్కడే.

6. ఈ తోటను నేను ఎవరికీ రాసివ్వలేను. షరతుల కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఖాతాను అమ్మకూడదు, దానం చేయకూడదు, వారసులకు ఇవ్వకూడదు. ఖాతాదారు చనిపోయినట్టు తెలిస్తే మూసేస్తారు. ఆ ఆటను కంపెనీ అమ్మకం నుంచి తీసేసింది కాబట్టి మళ్లీ కొనడానికీ లేదు. నెలకోసారి కన్సోల్ నెట్‌లోకి వెళ్లి లైసెన్సు సరిచూసుకుంటుంది. అప్పుడు తెర మీద ఒక చిన్న చక్రం తిరుగుతుంది, అది ఆగేదాకా నేను తెర ముందునుంచి లేవను.

పోయిన నెల డ్రైవర్‌ను బతిమాలి డిస్కు తెచ్చి వేసి చూశాను. ఆ డిస్కు వేరే దేశాల కోసం చేసినదట, అందుకే డిజిటల్ ప్రతిలో పెరిగిన అమ్మ తోటను గుర్తుపట్టలేదు. తెరంతా ఖాళీ నేల. అమ్మ కాసేపు చూసింది. కంట్రోలర్‌ను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను డిజిటల్ ప్రతి తెరిచి కుర్చీ చూపించేదాకా ఇటు తిరగలేదు. నేను పోయాక ఆ కుర్చీ చూపించేవాళ్లు ఉండరేమోనని, ఆ రోజునుంచి నా భయం రెట్టింపయింది.

7. కనుక తమ్ముడూ, ఇది అమలుదారుగా నీకు నా ఆజ్ఞ, అక్కగా నా వేడుకోలు. నాన్న పోయిన పదో రోజుకల్లా ఆయన పేరు మీదున్నవన్నీ మూసేశావు. ఫోన్ నంబర్ కూడా రద్దు చేయించావు. ఆయన ఫోటోలు తెరిచే కోడ్ ఆ నంబర్‌కే వచ్చేదని తర్వాత తెలిసింది. పదేళ్ల ఫోటోలు పోయాయి. నువ్వు కావాలని చేయలేదు. పోయినవాళ్ల పేరున ఏదీ తెరిచి ఉంచకూడదనేది నీ ఉద్యోగం నేర్పిన పద్ధతి. అప్పుడు నిన్ను ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

నా ఫోన్ నంబర్ రద్దు చేయకు. ఖాతా కోడ్ దానికే వస్తుంది. పాస్‌వర్డ్ కవరులో పెట్టి అంటించాను, అది నీ ఒక్కడికే. నెలనెలా ఆ చక్రం తిరిగేటప్పుడు అమ్మ పక్కన కూర్చో. తోట చూపిస్తే తొందరపడకుండా చూడు. కుర్చీ దగ్గర ఆగితే నువ్వూ ఆగు.

ఈ ఏడో అంశం చట్టం ముందు నిలవదని నాకు తెలుసు. అబద్ధానికి సంతకం పెట్టనివాడివని కూడా తెలుసు. నిన్ను సంతకం పెట్టమనడం లేదు, ఊరుకోమంటున్నానంతే. బ్యాంకుకు చెప్పు, కరెంటు ఆఫీసుకు చెప్పు, మీ రికార్డుల్లో నీ చేత్తోనే రాసుకో. ఆ ఆట కంపెనీకి మాత్రం చెప్పకు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఒక్కచోట నన్ను బతికుండనివ్వు.

తేదీ: మార్చి 9, సోమవారం.

(సంతకం) గీతలక్క

సాక్షులు:
1. అమ్మ వేళ్లు కదిలేలా చేసిన ఫిజియోథెరపీ అమ్మాయి
2. మా పై వాటాలో ఉండే పోస్ట్‌మ్యాన్