కుడివైపు ఎర్రగుడ్డ

సిరిసిల్ల,
ఆదివారం.

చిరంజీవి శైలజకు అమ్మ దీవెనలు. ఇక్కడ మీ బాపు, నానమ్మ, నేను బాగానే ఉన్నాం. జగిత్యాలలో నువ్వూ వేళకు తింటున్నావని, మోకాలి గాయం మానిందని నమ్ముతున్నాను. మీ హాస్టల్లో ఫోన్లు ఉంచనివ్వకపోవడం ఒకందుకు మంచిదే అయింది. ఈ సంగతులు ఫోన్లో అయితే నా నోట రావు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బాపుకు దగ్గు తగ్గింది, బీడీలే తగ్గలేదు. బట్ట నేసే మన సాంచాల దగ్గరికి ఎవరొచ్చినా నిన్నటిదాకా నీ సైకిల్ రేసు ముచ్చటే చెప్పాడు. "నా బిడ్డనే అందరికంటె ముందుగాల ఉండె. గా గుడ్డ కట్టినోడు కరాబ్ చేసిండు" అనేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని.

ఎటు తిరగాలో తెలిసేలా దారికి గుర్తుగుడ్డలు కట్టిన పాషాదే తప్పని రేసు వాళ్ళు కాగితం రాశారని, దాని మీద నిన్ను సంతకం పెట్టమంటున్నారని రాశావు. అతనే ఒప్పుకున్నా నీకు నమ్మబుద్ధి కావడం లేదన్నావు. పెట్టాలా వద్దా అని అడిగావు. చెబుతాను. ముందు నన్ను కొంచెం ధైర్యం తెచ్చుకోనీ.

నిద్ర పడుతోందా అని కూడా అడిగావు. పట్టడం లేదు. కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే చాలు, లేచి కూర్చుంటాను. కోరుట్ల గుట్ట కింద రేసు రోజు మైకు కూడా అలాగే ఆగింది.

మేమంతా బడి దగ్గర, రేసు ముగిసే గీత గీసిన చోట నిలబడ్డాం. సిరిసిల్ల శైలజ ముందుందని మైకులో నీ పేరే చెబుతున్నారు. ఇంతలో దుమ్ము లేపుకుంటూ సైకిళ్ళు వచ్చాయి. మొదటి పిల్ల నువ్వు కాదు. ఆ తర్వాతి పిల్లా నువ్వు కాదు. మీ బాపు నవ్వుతూ "చైన్ ఊడిందేమో, అస్తది తియ్" అన్నాడు. అందరూ వచ్చేశారు. మైకు ఆగిపోయింది. ఎవరో మెల్లగా "గుట్టకు కుడిపక్కన రాయి తీసే క్వారీ ఉన్నది గదా" అన్నారు. చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు, గుట్ట మీదికి ఉరికాను.

పైన మలుపు దగ్గర నువ్వు నేల మీద కూర్చుని ఉన్నావు. మోకాళ్ళ నిండా నెత్తురు. సైకిల్ క్వారీలో పడిపోయింది. నీ అరుపు విని గుట్ట మీదున్న పాషా కుడివైపు గుడ్డను లాగేసి, ఉరికొచ్చి నిన్ను అంచు మీంచి పైకి లాగాడు. ఆ గుడ్డ తీసెయ్యకపోతే నీ వెనక వచ్చే పిల్లలు కూడా అటే తిరిగేవాళ్ళు.

శైలూ, ఆ కుడివైపు గుడ్డ కట్టింది నేను.

పొద్దున మీరు నంబర్లు తీసుకుంటుంటే నేను గుట్ట ఎక్కాను. మలుపులో కుడిపక్కన పోచమ్మ గద్దె కనిపించింది. గుర్తులకని రేసు వాళ్ళు మన దగ్గరే కొన్న ఎర్ర లంగా గుడ్డలో ఒక పీలిక నా సంచిలో ఉంది. దాని మధ్యలో పసుపు బియ్యం మూటగట్టి, నా బిడ్డ పడకుండా చూడు తల్లీ అని రేగు కొమ్మకు ముడుపు కట్టాను. ఎడమపక్కన వేలాడుతున్న గుడ్డను చూశాను కూడా. అదీ ఎవరో తల్లి కట్టిన ముడుపే అనుకున్నాను, అదే పాషా కట్టిన అసలు గుర్తని తట్టలేదు.

నిన్ను ఆసుపత్రి బండి ఎక్కించాక పాషా నన్ను పక్కకు పిలిచి ఆ గుడ్డను నా చేతిలో పెట్టాడు. బియ్యం ఇంకా అందులోనే ఉన్నాయి. "రేసు గుడ్డల బియ్యం ఎవలు కడ్తరమ్మా? తల్లే కడ్తది. ఎవలకు చెప్పకు. పిల్ల నా మీద గుస్సా అయితే నాల్గు దినాలకు మర్సిపోతది. నీ మీద అయితే మర్వది" అన్నాడు. అప్పుడే వెనక నుంచి ఒకతను "పొద్దుగాలనే తాగి కట్టిండు వీడు" అన్నాడు. పాషా తల వంచుకున్నాడు. నేను విన్నాను, నోరు విప్పలేదు. నువ్వు నన్ను ఎలా చూస్తావోనని భయం. ఇప్పటికీ అదే భయం.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఇవాళ మీ బాపుకు అంతా చెప్పాను. నా ముఖం చూడకుండా లేచి సాంచాలన్నీ ఆపేశాడు. చివరికి "నడువ్, కోరుట్లకు పోదాం" అన్నాడు. నీకు ఈ ఉత్తరం అందేసరికి రేసు వాళ్ళందరి ముందు, పాషా ముందు నేనే చెప్పి ఉంటాను. వచ్చే ఆదివారం హాస్టల్‌కు వస్తాం. నువ్వు గేటు దాకా రాకపోయినా తప్పు పట్టను.

మళ్ళీ పోటీకి వెళ్ళాలా అని నన్ను అడిగావు. నేనైతే వద్దనే అంటాను, అందుకే నన్ను అడగకు. నీ ఇష్టమే. పొద్దున దీపం పెట్టి, నీ కోసం మొక్కుదామని చేతులు జోడించబోయాను. మొక్కడానికే భయమేసింది బిడ్డా. చేతులు దించేసి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఇట్లు,
నీ అమ్మ