రెండో గోల్‌కీపర్ వాళ్లమ్మ

నవంబర్ 22, శనివారం

మొదటి ఆట. గెలిచారు. మా సాహితి ఆడలేదు.

తలకి టీమ్ టోపీ, కాళ్లకి పరుపులంత ప్యాడ్లు, బెంచీ చివర కూర్చుంది. ఐస్ మీంచి ఎవరైనా రొప్పుతూ వస్తే లేచి గేటు తీస్తుంది, వాళ్లు లోపలికి రాగానే వేస్తుంది. రెండో గోల్‌కీపర్ పని అదేనట. ఆడవాళ్ల ఐస్ హాకీకి జీతాలిచ్చే లీగ్ మొన్న మొన్ననే పుట్టింది, ఈ టీమ్‌కి ఇదే మొదటి సీజన్, అందులో నా కూతురుంది — అని మా ఊరు ట్రాయ్‌లో తెలుగువాళ్లెవరినీ వదలకుండా చెప్పుకున్నాను. గేటు సంగతి మాత్రం చెప్పలేదు.

కార్‌లో అంది: "ఇట్స్ ఫైన్ అమ్మా. సీజన్ లాంగ్ ఉంది."

నవంబర్ 30, ఆదివారం

గుళ్లో, అందరి ఆరాలూ తీసే ఉమ పట్టుకుంది. "ఎన్ని గోల్స్ కొట్టింది మీ అమ్మాయి?" గోల్‌కీపర్ కొట్టదు, ఆపుతుంది అని ఇరవయ్యోసారి చెప్పాను. "సర్లే, ఎన్ని ఆపింది?"

పులిహోర పొట్లం తీసుకుని వచ్చేశాను.

డిసెంబర్ 13, శనివారం

గెలిచారు. ఆడలేదు.

డిసెంబర్ 20, శనివారం

గెలిచారు. గేటు.

జనవరి 4, ఆదివారం

భోజనానికి వచ్చింది. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో ఉద్యోగం — ఈ లీగ్ జీతం ఒక్కదానితో బతకడం కుదరదు. మోకాలు కమిలిపోయి నల్లగా ఉంది. ప్రాక్టీసులో రోజూ అందరూ దీని మీదకే కొడతారు. కొట్టించుకోవడానికి పనికొస్తుంది, ఆడటానికి పనికిరాదు!

బ్యాగు గరాజ్‌లో పెట్టింది. ఆ కంపు... పంతొమ్మిదేళ్లుగా అదే కంపు. ఏడేళ్లప్పుడు పక్కింటి పిల్ల పుట్టినరోజుకి స్కేటింగ్ రింక్‌కి తీసుకెళ్లింది నేనే, తప్పు నాదే. రింక్ తెల్లారి ఐదింటికి ఖాళీ ఉంటే ఐదింటికే ప్రాక్టీసు. ఈయన ఎప్పుడూ ప్లాంట్‌లో కొత్త కారు లాంచ్ ఉంది అనేవారు. మంచు గీకి, కార్ తీసి, ఫ్లాస్కులో టీ పోసుకుని, స్టీలు బెంచీ మీద వణుకుతూ కూర్చున్నది నేను.

అందుకని ఆ ఆటలో నాకూ వాటా ఉందనుకుంటాను. ఉంది మరి.

జనవరి 24, శనివారం

రాయకూడదు. రాస్తాను.

మొదటి గోల్‌కీపర్ కెండ్రా పడిపోయింది. ఎవరో వేగంగా వచ్చి గుద్దారు. లేవలేదు. పక్కనే వాళ్లమ్మ లిండా — నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బెంచీ మీద సాహితి టోపీ తీసి హెల్మెట్ పెట్టుకుంటోంది.

నా మనసు ఎగిరి గంతేసింది. ఒక తల్లి పక్కన కూర్చుని, ఆమె కూతురు లేవకూడదని కోరుకున్నాను.

లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సాహితి మళ్లీ టోపీ పెట్టుకుంది. లిండా నా చెయ్యి పట్టుకుని "థాంక్యూ" అంది. దేనికో!

ఫిబ్రవరి 15, ఆదివారం

మొదటి స్థానంలో ఉన్నారు. పేపర్లో ఫోటో. గేటు పక్కన ఒక మోచెయ్యి కనిపిస్తోంది, అది మా అమ్మాయిదే. ఈయన కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించారు. తీసేశాను.

మార్చి 28, శనివారం

ఆట నాలుగూ పదికి అయిపోయింది. గెలిచారు. మెట్లు దిగుతూ లిండా మాటల్లో అంది — ఫైనల్ గెలిచిన టీమ్ వాళ్ల పేర్లు కప్పు మీద చెక్కుతారట, కానీ సీజన్లో కనీసం ఒక్క ఆటైనా ఆడి ఉండాలట. తర్వాత గుర్తొచ్చింది ఆవిడకి, నేనెవరి తల్లినో. "ఓ పద్మా... ఐయామ్ సారీ."

ఫైనల్స్ ముందు సీజన్లో ఇక మిగిలినవి మూడు ఆటలు.

సాహితిని అడిగాను, నీకు తెలుసా అని. "తెలుసు." మరి కోచ్‌ని అడగొచ్చు కదా! "అలా అడగరు అమ్మా. యూ ఎర్న్ ఇట్. ప్రాక్టీసులో నేను బాగా చేస్తున్నా, హీ సీస్ ఇట్. నువ్వు ఏం చేయకు, ఓకే?"

ఓకే అన్నాను.

మార్చి 29, ఆదివారం

చేశాను.

పిల్లల హాకీలో ఒక రూల్ ఉండేది. ఆట అయ్యాక ఇరవై నాలుగు గంటల దాకా ఏ తల్లీ తండ్రీ కోచ్‌తో మాట్లాడకూడదు, కోపం చల్లారాకే నోరు విప్పాలి. ఏటా సంతకం పెట్టించుకునేవారు. పొద్దున్నించీ గడియారం చూస్తూ కూర్చున్నాను. నాలుగూ పదకొండుకి మెయిల్ పంపాను, కోచ్ డేవ్‌కి. చాలా మర్యాదగా. మా అమ్మాయి తనకోసం ఎప్పుడూ అడగదు, అందుకే నేను అడుగుతున్నాను... ఒక్క ఆట.

ఈయనకి చూపించాను. కాఫీ కప్పు దించేశారు. "మతి పోయిందా నీకు? అది స్కూల్ టీమా? ప్రొఫెషనల్స్ వాళ్లు. దానికి ఇరవై ఆరేళ్లు!"

"రూల్ పాటించాను కదా" అన్నాను.

"దానికి చెప్పు."

చెప్పను.

మార్చి 31, మంగళవారం

డేవ్ జవాబు. ఒకే ముక్క: మీ ఉత్తరానికి ధన్యవాదాలు.

ఏప్రిల్ 7, మంగళవారం

మధ్యాహ్నం ఫోన్. అరుస్తోంది. "అమ్మా! సండే నేను స్టార్ట్! ఫుల్ గేమ్! డేవ్ చెప్పాడు, యూ ఎర్న్‌డ్ ఇట్ అన్నాడు!"

చిన్నప్పటి గొంతు. నేనూ అరిచాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో అదే ఆలోచన. మెయిల్ చూసి ఇచ్చాడా? ఏమో. ఇచ్చాడు, అంతే చాలు.

ఏప్రిల్ 12, ఆదివారం

ఆడింది.

మొదటి స్థానం ఎటూ ఖాయమైపోయింది కాబట్టి కెండ్రాకి విశ్రాంతి. అవతలివాళ్లకి మాత్రం చావోరేవో. ఆ నల్ల రబ్బరు బిళ్ల తుపాకీ గుండులా వస్తుంటే నా కూతురు కాలడ్డం పెడుతోంది, ఛాతీ అడ్డం పెడుతోంది, ఒకసారి వెల్లకిలా పడి చేత్తో పట్టింది. హాలంతా లేచింది. రెండు–ఒకటి, గెలిచారు. గేటు ఇంకెవరో తీశారు. చూడలేదు.

నాకు పిచ్చి గర్వం. రాయడానికి సిగ్గెందుకు!

బయటికొచ్చి నన్ను పట్టుకుంది, చెమటతో, ఆ కంపుతో. "నేనే చేశా అమ్మా. నేనే."

అవును అన్నాను.

మే 9, శనివారం

ఫైనల్లో కప్పు గెలిచారు. కెండ్రా ఆడింది. సాహితి గేటు దూకి పరిగెత్తింది. కప్పు చేతులు మారుతూ దాని దగ్గరికి పదిహేనో పదహారో వంతులో వచ్చింది. ఎత్తింది. ఏడ్చాను — సగం సంతోషం, సగం ఉక్రోషం.

మే 10, ఆదివారం

ఆటగత్తెలు ఒక్కొక్కరికీ ఒక్కో రోజు కప్పు ఇంటికి పంపుతారట. మాకు మే 30. నలభై మందిని పిలిచాను. ఉమనే ముందు పిలిచాను.

మే 13, బుధవారం

సీజన్ అయ్యాక కోచ్ ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. అక్కణ్ణించి నేరుగా ఇంటికి వచ్చింది. బూట్లు విప్పలేదు.

వచ్చే ఏడు తనని తీసుకోవడం లేదట. కాలేజీ నుంచి కొత్త పిల్ల వస్తోందట. అది నిబ్బరంగానే చెప్పింది. తర్వాత: "యువర్ మామ్ ఈజ్ వెరీ పొలైట్ అన్నాడు."

నేను పొయ్యి కట్టేశాను.

"మెయిల్ ఎప్పుడు పంపావు?"

"మార్చిలో..."

"డేవ్ నాకు చెప్పేముందా, తర్వాతా?"

"ముందే. కానీ ఆయన—"

"ముందే డిసైడ్ చేశా అన్నాడు. ఎవరైనా అదే అంటారు కదా అమ్మా. ఏమంటాడు ఇంకా?"

నేను అన్నాను — నీకోసమే కదా, పంతొమ్మిదేళ్లు నేను... ఆ మాట నోరు దాటకుండా ఉండాల్సింది.

అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా లైఫ్‌లో ఒకటే ప్రో గేమ్ అమ్మా. బాగా ఆడా. ఎవరు ఇచ్చారో నాకు ఎప్పటికీ తెలీదు ఇప్పుడు."

అన్నం తినకుండా వెళ్లిపోయింది. ఈయన దాని కంచం తీసి లోపల పెట్టేశారు. నేను చెప్పానా అనైనా అనలేదు.

మే 14, గురువారం

ఫోన్ ఎత్తదు.

మే 16, శనివారం

డేవ్‌కి మళ్లీ రాయాలనిపించింది. నిజం చెప్పండి, నా మెయిల్ చూసే ఇచ్చారా... రాశాను. చెరిపేశాను. ఏ జవాబొచ్చినా సాహితి నమ్మదు. నేనూ నమ్మను.

మే 19, మంగళవారం

మెసేజ్: థర్టీయత్ పార్టీ క్యాన్సిల్ చేయకు. పీపుల్‌ని పిలిచావు కదా.

బతికిపోయాను అనుకున్నాను. వస్తుంది.

మే 30, శనివారం

పదింటికి లీగ్ మనిషి తెల్ల చేతి తొడుగులు వేసుకుని పెట్టె తెచ్చాడు. కప్పు భోజనాల బల్ల మీద పెట్టాడు. కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. ఈ రోజు ఎవరిదో రాసే గడిలో నా కూతురి పేరు లేదు. పద్మజ అని ఉంది. నా పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

"మీ అమ్మాయే మార్పించింది మేడమ్. మామ్ ఎర్న్‌డ్ ఇట్ అంది. చాలా మంచి మనసు" అన్నాడు అతను. వెక్కిరింపు అతనికి తెలియలేదు. వెక్కిరింపేనా? నిజంగానే అందా?

సంతకం పెట్టాను.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఈయన చేశారు. ఎత్తింది, "హ్యావ్ ఫన్ డాడీ" అని పెట్టేసిందట.

పన్నెండయింది. ఉమ అందరికంటే ముందు వచ్చింది, పూలు కూడా తెచ్చింది. "ఏదీ మన ఛాంపియన్?" దారిలో ఉంది అన్నాను. తర్వాత వచ్చినవాళ్లకీ అదే చెప్పాను. ముప్పై మంది దాకా ఉన్నారు ఇప్పుడు. పిల్లలు కప్పు చుట్టూ మూగారు. ఎవరో దానికి కుంకుమ బొట్టు పెట్టారు.

తలనొప్పి అని చెప్పి పైకి వచ్చి ఇది రాస్తున్నాను. ఈయన ఇప్పటికి రెండుసార్లు పిలిచారు, ఫోటో తీయాలి, కప్పు పక్కన నిలబడు అని.