బాపు పొట్టేలు

రామన్నపేట, 1962

మల్లప్పన్నకు తమ్ముడు దండం పెట్టి రాసేది.

పాలమూరు ఆఫీసుల కుర్చీల కూసొని ఈడున్న బాపు రోగం పట్టేసినవ్, శెబాష్. "గాలి సోకింది, ఆ పొట్టేలును మొక్కుకు కొయ్యిండ్రి" అని రాస్తివి. కోసినం. మోకాళ్లు పట్టేసి మందను అమ్మినంక బాపుకు మిగిలింది గదొక్కటే. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే దాంతోనే మాట్లాడేటోడు. ఊరంత కమ్మగ తిని నీ తెలివిని మెచ్చుకున్నరు. గాలి పోయిందో లేదో గని, ఆ నాలుగు మాటలు మాత్రం పోయినయ్.

నిన్న దుకాణంల కొత్త గొంగడి బాపు చేతికిచ్చిన. తడిమి అది ఏ మంద ఉన్నిదో చెప్పే మనిషి, "ఏదైతేంది బిడ్డా, రేపు నా మీద కప్పి సాగనంపేటందుకే గద" అన్నడు. బువ్వ తినడు, నిద్రపోడు. ఆడికెళ్లి సీదా నల్లగొండ దవాఖానకు తోలుకపోతే డాక్టరు, "గాలి గాదు, మనసుకొచ్చిన జబ్బు. మందులు వాడుండ్రి, ఒంటరిగ ఉంచకుండ్రి, చేతనైన పని చెప్పుండ్రి" అన్నడు. నీయంత చదువుకోలేదేమో పాపం.

ఇంకో మొక్కు రాయకు. ఐతారం ఆఫీసు ఉండదు గద, బస్సుకొచ్చి జర బాపు పక్కన కూసో. ఒక గొర్రెపిల్లను గూడ పట్టుకురా. గీసారి ఊరికి విందు లేదు, బాపుకు పనుంది.

నీ తమ్ముడు