రేకుల కంచెను తన్నిన సంగతి

అయ్యా,

విషయం: రేకుల కంచె పడగొట్టితినని నాపై వచ్చిన ఫిర్యాదును కొట్టివేయుట, సదరు ఎలక్ట్రానిక్ సంగీతోత్సవానికి మరల అనుమతి ఇవ్వకుండుట గురించి.

నేను ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో ఉద్యోగిని. గత శనివారం పాత గిడ్డంగుల మైదానంలో తమరు అనుమతించిన ఉత్సవానికి మా అత్తగారితో కలిసి హాజరైతిని. టికెట్లు మా మరిదివి. అతనికి జ్వరం రాగా, "కొన్నవి పారేసుకుంటామా, పద అమ్మాయ్, నేనొస్తా" అని ఆవిడే బయల్దేరారు.

1. టికెట్టు మీది బొమ్మలో నాలుగు ద్వారాలున్నవి. తెరిచినది ఒకటే. మిగతావేవని అడుగగా, "అవి వీఐపీలకండీ" అని వాలంటీరు సెలవిచ్చెను. ఆ వీఐపీలెవరూ రాలేదు. ద్వారాలు మాత్రం వారి గౌరవార్థం మూసియే ఉన్నవి.

2. మైదానంలో ఎంతమంది పడతారో తమ కార్యాలయమే లెక్క కట్టినదట. మనుషులను నిలబెట్టి కట్టారో, మడతపెట్టి కట్టారో తెలియజేయగలరు.

3. మంచినీళ్ల వరుస, మరుగుదొడ్ల వరుస మధ్యలో కలిసిపోయినవి. చాలాసేపు నిలబడిన మీదట, ఎవరికి ఏది అవసరమో వారికి అది తప్ప రెండోది దొరికెను.

4. సంగీతంపై నాకు ఫిర్యాదు లేదు, వినబడితే కదా. సగం స్పీకర్లు మూగపోయినవి, మిగతా సగం పళ్లు కదిలించినవి. "ఇది పాటా, పిండిమరా?" అన్నారు మా అత్తగారు. అంటూనే తల ఊపారు.

ఐదవదానికి అంకె వేయలేకున్నాను. సాయంత్రం, అసలు డీజే రావడం లేదని మైకులో చెప్పగానే జనమంతా ఆ ఒక్క ద్వారం వైపు తిరిగారు. బయటివాళ్లను ఇంకా లోపలికి వదులుతూనే ఉన్నారు. ఆ తోపులాటలో మేమిద్దరం కంచె దాకా కొట్టుకుపోయాము. నా చేతులు పక్కలకు అతుక్కుపోయాయి. అత్తగారి ముఖం పాలిపోయింది. "అమ్మాయ్, ఊపిరాడటం లేదే" అన్నారు. ఆవిడ నాతో అంత నెమ్మదిగా ఎన్నడూ మాట్లాడలేదు.

కంచె అవతల సెక్యూరిటీ అతను నిలబడి ఉన్నాడు.

"రేకు తీయవయ్యా, మనుషులు పోతున్నారు" అన్నాను.

"పైనుంచి ఆర్డరు రావాలి మేడమ్."

ఆర్డరు రాలేదు. రేకు పడింది. నేను తన్నాను, పక్కవాళ్లూ తన్నారు. ఆ సందులోంచే జనం బయటపడ్డారు. పక్కటెముకలు విరిగినవారికి మర్నాడు నేనే ఎక్స్‌రేలు తీశాను. రేకు పడకుంటే వారిలో కొందరికి ఎక్స్‌రే అవసరమే ఉండేది కాదు, మార్చురీయే సరిపోయేది.

అట్టి నేను ఆస్తి నష్టం చేసితినని నిర్వాహకులు ఫిర్యాదు చేయగా, తమరు సంజాయిషీ కోరితిరి. ఇదే నా సంజాయిషీ. వారి సంజాయిషీ కూడా అందియున్నచో ఒక ప్రతి నాకు ఇప్పించగలరు. ఎక్స్‌రేలు చూసే వెలుగుపెట్టె మీద పరిచి చూస్తాను, లోపల ఎముకంటూ ఒకటున్నదేమో.

కావున తమరు చిత్తగించి, వీలైతే కొంత సిగ్గుపడి, తగు చర్య గైకొనవలెనని కోరుచున్న,

తమ విధేయురాలు
(ఈ కాగితం మేరకు మాత్రమే),
ఎక్స్‌రే విభాగం ఉద్యోగిని

తా.క.: ఇది చదివించుకుని మా అత్తగారు అలిగారు. "నువ్వింకా ఆ సెక్యూరిటీవాడితో మాట్లాడుతుండగానే తన్నాను, మొదటి తన్ను నాదే కదే. నీ పేరెందుకు రాసుకున్నావు?" అంటున్నారు. నిజమే, సవరించుకోగలరు. విచారణకు ఆవిడే వస్తారట, తన్నిన చెప్పులతోనే. నేను వద్దనలేదు.