కుట్టు మిషన్‌కి పాత బెల్టు

నాన్నా,

ఇవాళ నీ కుట్టు మిషన్‌కున్న మోటారు ఊడదీసి, పాత తోలు బెల్టు మళ్ళీ వేశాను. నువ్వు పోయిన ఇన్నాళ్ళకి.

అమ్మకి షుగరు వచ్చింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. "పనీ పాటా లేకుండా రోడ్డు మీద తిరిగితే జనాలు ఏటనుకుంటారు? మిషను తొక్కుకుంటాను" అంది అమ్మ. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. "ఏదో ఒకటి చెయ్యనివ్వండి. ఈ వయసులో వాడకపోతే కాళ్ళల్లో బలం తొందరగా పోతుంది" అని నాతో అన్నాడు. నేను నేల చూపులు చూశాను.

రంజాన్ బట్టలు కుట్టే రోజుల్లో నీ ఆయాసం చూడలేక మోటారు బిగించింది నేనే కదా. "ఇన్నేళ్ళు తొక్కేవు. ఇంక చాలు, కాళ్ళకి కాస్త రెస్టు ఇయ్యి" అన్నాను. బెల్టు లేని పెడల్ మీద కూడా నీ పాదాలు ఊగుతూనే ఉండేవి. కశింకోట నుంచి బట్టలు తెచ్చేవాళ్ళకి చూపించి నవ్వేవాడిని. ఏడాది తిరిగేసరికి కొట్టు మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నావు. వయసు మీద పడిందనుకున్నాను.

"ఆయనకి మోటారు ఇష్టం లేదురా. 'పిల్లోడు ముచ్చటపడి తెచ్చేడు, వద్దని ఎలాగంటాను' అనీవోడు" అని అమ్మ ఇవాళ చెప్పింది. ఇన్నాళ్ళూ నాతో అనలేదు.

సూదిలో దారం లేకుండానే తొక్కుతోంది. ఆ చప్పుడు విని పక్క కొట్టు మామ గుమ్మందాకా వచ్చి, లోపలికి చూసి వెళ్ళిపోయాడు. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది. "ఇంక చాలమ్మా, కాళ్ళకి కాస్త రెస్టు..."

నోటిదాకా వచ్చేసింది నాన్నా, మళ్ళీ అదే మాట.