నా పేరున రాయని రెండు నిమిషాలు

బుధవారం, రాత్రి

పొద్దున ప్లాట్‌ఫాం చివర పట్టాల మీద ఎవరో తెలియని మనిషి శవం. చెన్నై బండి సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. బండ్లను నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. శవాన్ని పక్కకు జరిపించమని రైల్వే పోలీసు రమణమ్మ మీద కేకలేశాను.

"పది నిమిషాలియ్యండి సార్. గుర్తులు పెట్టుకోకుండా తీసేస్తే, ఈయప్ప ఎట్ల సచ్చినాడో ఇంట్లోవాళ్ళకు ఎవురు సెప్తారు?"

పట్టాలు చూసుకునే కీమాన్ దగ్గర తెల్లరంగు తీసుకుని, తల ఉన్నచోట, చెప్పు పడినచోట పట్టాల కింది స్లీపరు దిమ్మెల మీద గీతలు గీసింది. టేపుతో కొలిచింది, ఫోటోలు తీసింది. శవాన్ని పక్కన పడుకోబెట్టించి, సరిగ్గా పది నిమిషాలకు చెయ్యెత్తింది.

"ఇంక బండి ఇడిసిపెట్టండి సార్!"

బండి గాలికి శవం పైన కప్పిన గుడ్డ లేచిపోతుందని, ముందే కంకర మీద కూర్చుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

ఇరవై ఏళ్ళుగా స్టేషన్ మాస్టరుని. కిటికీలోంచి ఆమెనే చూస్తూ సిగ్నల్ ఇవ్వడం మరిచిపోయాను. డ్రైవరు హారన్ కొడితే గానీ తెలివి రాలేదు. ఆమె అడిగింది పది, బండి కదిలింది పన్నెండుకు.

ఆలస్యమైన ప్రతి నిమిషమూ రిజిస్టరులో ఎవరో ఒకరి కింద రాయాలి. పన్నెండూ పోలీసుల కిందే రాసేశాను.

సాయంత్రం రమణమ్మ వచ్చి రిజిస్టరు చదివింది. నా వైపు ఒకసారి చూసింది. సంతకం పెట్టింది.