షబానా, ఆ పిలగాడు చెప్పేశాడు

షబానా,

మనం చదివిన ఆ జపాన్ బొమ్మల ప్రేమకథ, ఆ మాంగా చివరి భాగం ఇవాళ వచ్చింది. నువ్వు పోయాక ఇక కొననని అనుకున్నాను, కానీ కొన్నాను. ఇన్ని పుస్తకాల పాటు నోరు విప్పని ఆ హీరో చివరికి ప్రేమిస్తున్నానని చెప్పాడు. అదీ ఆమె బస్సెక్కి కూర్చున్నాక! నాకు ఒళ్లు మండింది. నువ్వైతే ఏడ్చేదానివి. నేను చూసే డ్రాగన్ల ఆనిమే కార్టూన్లే నయం, కోపమొస్తే నిప్పైనా కక్కుతాయి.

సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని చిట్కుల్‌లో మీ ఇంటికి వెళ్లాను. మీ అమ్మీ రొట్టెలు చేస్తోంది. పుస్తకం చూడగానే, "ఆ పిలగాడు చెప్పిండా బేటా?" అని అడిగింది. నువ్వు ప్రతి భాగం ఆమెకు కథగా చెప్పేదానివని నాకు తెలియదు.

చూపిద్దామని పుస్తకం తెరిచాను. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలని మరిచి, ఎప్పటిలాగే ఎడమవైపు నుంచి తెరిస్తే చివరి పేజీ వచ్చింది. అప్పట్లో నువ్వు కొట్టినట్టే, అమ్మీ పిండి చేత్తో నా చేతి మీద చిన్నగా కొట్టింది. పుస్తకాన్ని తన ఉర్దూ పుస్తకంలా కుడివైపు నుంచి తెరుచుకునేలా తిప్పి నా ముందు పెట్టింది.

"ఆఖరుకెళ్లి వద్దు బేటా," అంది. "మొదటికెళ్లి చెప్పు. షబానా గట్లనే చెప్తుండె."